బొమ్మలకు దెబ్బ తగలదు... పిల్లలకు తగులుతుంది!

"ఏం చేస్తాం వదినా, కార్టూన్ పెడితే గానీ వాడికి ముద్ద దిగదు!"

ఈ మాట మీ ఇంట్లోనూ వినపడే ఉంటుంది. నేనూ అన్నాను. ఒకసారి కాదు, వందసార్లు అన్నాను. పళ్ళెం చేత్తో పట్టుకుని, అరుగు మీద కూర్చోబెట్టి, చందమామని చూపిస్తూ తినిపించే ఓపిక మనకెక్కడిది? రిమోట్ నొక్కితే సరి. వాడు కళ్ళార్పకుండా తెర వంక చూస్తుంటాడు, మనం ముద్దలు పెడుతుంటాం. పది నిమిషాల్లో పళ్ళెం ఖాళీ! పైగా "కార్టూనే కదా, పెద్దవాళ్ళ సినిమాల్లాగా చెడ్డదేం కాదు" అని మనకో ధీమా.

ఆ ధీమా నాకు కిందటి సంక్రాంతికి పోయింది.

మా మరిది కుటుంబం పండక్కి వచ్చారు. మా చిన్నవాడికి ఏడేళ్ళు, వాళ్ళ పాపకి నాలుగు. ముక్కనుమ నాడు పొద్దున పూరీలు చేశాం. పీటా, కర్రా కడిగి గట్టు మీద ఆరబెట్టాను. పిల్లలిద్దరూ హాల్లో కార్టూన్ చూస్తున్నారు. నేనూ, మా తోడికోడలూ వంటింట్లో వంకాయలు తరుగుతూ కబుర్లలో పడ్డాం. మావాడు ఎప్పుడు వచ్చి పూరీ కర్ర పట్టుకుపోయాడో చూడనే లేదు. ఠప్పుమని చప్పుడు... వెంటనే పాప కేక!

పరుగెత్తాం. పాప నుదుటి మీద నుంచి నెత్తురు కారుతోంది. మావాడు ఏడవటం లేదు, పారిపోవటం లేదు. కర్ర పట్టుకుని అలాగే నిలబడి పాప వంకే చూస్తున్నాడు. దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు ఉన్నాడు.

"ఎందుకు కొట్టావురా?" అని నేను అరిచేసరికి, "లేస్తుందిగా అమ్మా... టీవీలో లేస్తారుగా" అన్నాడు.

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు చెంపలూ వాయించాను. అప్పుడు ఏడ్చాడు. పాపకి మూడు కుట్లు పడ్డాయి. దేవుడి దయ వల్ల కంటికి తగల్లేదు. "పోనీలే అక్కా, చిన్నపిల్లాడు, తెలిసి చేశాడా" అంది మా తోడికోడలు. కానీ అనుకున్న దానికంటే రెండు రోజులు ముందే ఊరికి బయల్దేరారు. ఆ తర్వాత నెల రోజులు తన దగ్గర్నుంచి ఫోను లేదు. నేను చేస్తే "పనిలో ఉన్నానక్కా" అనేది. తప్పు ఆమెది కాదు. నా బిడ్డకి ఎవరైనా అలా చేస్తే నేను మాత్రం ఏమయ్యేదాన్ని!

ఆ నెల రోజులూ నన్ను తినేసింది ఒకటే మాట - "లేస్తుందిగా అమ్మా". వాడికి పాప మీద కోపం లేదు. పాప అంటే వాడికి ప్రాణం. దెబ్బ తగిలితే నొప్పి పుడుతుందన్న సంగతి ఒక్కటే ఆ క్షణాన వాడికి తట్టలేదు. ఏడేళ్ళ పిల్లాడికి ఆ సంగతి ఎందుకు తట్టలేదా అని నేను ఆలోచించడం మొదలుపెట్టాను. తెలిసినవాళ్ళని అడిగాను, దొరికినవి చదివాను. ఆ తెలుసుకున్నవే ఇప్పుడు మీతో చెప్తున్నాను.

గాలి బొమ్మ చెప్పిన నిజం

పిల్లలు చూసింది చేస్తారని మన అమ్మమ్మలకి తెలుసు. దాన్ని పరీక్ష పెట్టి చూసినవాడు ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శిశు పాఠశాలలో 72 మంది చిన్నపిల్లలతో ఈ పరీక్ష చేశారు. అందరూ మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళే. గాలి ఊదిన పెద్ద బొమ్మ ఒకటి తెచ్చారు. కొడితే పడిపోయి మళ్ళీ లేచి నిలబడే రకం. కొందరు పిల్లల ముందు ఒక పెద్దమనిషి ఆ బొమ్మని సుత్తితో కొట్టి, తన్ని, తిట్టాడు. ఇంకొందరి ముందు బొమ్మని పట్టించుకోకుండా బుద్ధిగా ఆడుకున్నాడు. మిగిలినవాళ్ళకి ఏమీ చూపించలేదు. తర్వాత పిల్లల్ని అదే బొమ్మతో వదిలితే, కొట్టడం చూసిన పిల్లలు అచ్చం అలాగే కొట్టారు. అవే మాటలు కూడా అన్నారట!

రెండేళ్ళకి, 1963లో, మళ్ళీ చేశారు. ఈసారి కొందరికి మనిషి కొట్టడాన్ని సినిమా తీసి చూపించారు. ఇంకొందరికి పిల్లి వేషం వేసుకున్న మనిషి కొట్టే బొమ్మల సినిమా లాంటిది చూపించారు. ఏమీ చూడని పిల్లల కంటే ఈ రెండూ చూసిన పిల్లలు దాదాపు రెట్టింపు దుడుకుతనం చూపించారు. "అది నిజం మనిషి కాదు, పిల్లి వేషం" అన్న తేడా పెద్దగా పనిచెయ్యలేదన్నమాట.

ఈ పరీక్షని తప్పు పట్టినవాళ్ళూ ఉన్నారు. కొట్టడానికే చేసిన బొమ్మని కొడితే అది హింసెలా అవుతుంది, బొమ్మని కొట్టినవాడు మనిషిని కొడతాడా అని అడిగారు. సబబైన ప్రశ్నే. నేనూ అదే అనుకునేదాన్ని, మావాడు పాపని కూడా లేచే బొమ్మే అనుకున్నాడని తెలిసేదాకా.

నవ్వులో నలిగిపోయే నొప్పి

మనందరికీ బాగా తెలిసిన టామ్ అండ్ జెర్రీ సంగతే తీసుకోండి. దాన్ని హన్నా, బార్బెరా అనే ఇద్దరు 1940లో మొదలుపెట్టారు. అవి అసలు సినిమా హాల్లో పెద్ద సినిమాకి ముందు వెయ్యడానికి తీసిన చిన్న సినిమాలు. హాలు నిండా ఉన్న పెద్దవాళ్ళని కూడా నవ్వించాలని తీశారు. ఏడు ఆస్కార్లు వచ్చాయి. నవ్వు రావడంలో వింత లేదు, నాకూ వస్తుంది. పెద్దవాళ్ళకి అది హాస్యమని తెలుసు. కానీ ఆ సినిమాలే తర్వాత టీవీలోకి వచ్చి, ఇళ్ళల్లో మూడేళ్ళ పిల్లాడి ముందు కూర్చున్నాయి. 1995లో మన దేశంలో పిల్లల కార్టూన్ల ఛానెల్ మొదలయ్యాక రోజంతా దొరకసాగాయి.

1990ల్లో అమెరికాలో మూడేళ్ళ పాటు వేల గంటల టీవీ కార్యక్రమాలు చూసి లెక్కకట్టిన ఒక పెద్ద అధ్యయనం జరిగింది. టీవీలో హింస ఎంత ఉందన్న దానికంటే, ఎలా చూపిస్తున్నారన్నదే ముఖ్యమని అందులో తేల్చారు. కొట్టినవాడికి శిక్ష పడకపోవడం, దెబ్బ తిన్నవాడి నొప్పి కనిపించకపోవడం, కొట్టేవాడు మంచివాడు కావడం, కొట్టినప్పుడల్లా నవ్వు పుట్టడం - ఈ నాలుగూ ఉంటే పిల్లలు నేర్చుకునే అవకాశం ఎక్కువట. ఇప్పుడు మీరే చెప్పండి, మన పిల్లలు చూసే కార్టూన్లలో ఈ నాలుగూ లేనివి ఎన్ని?

"కొట్టేవాడు మంచివాడు" అన్నది మనం తేలిగ్గా మర్చిపోయేది. ఛోటా భీమ్ మన హైదరాబాదులో తయారైన బొమ్మ అని మీకు తెలిసే ఉంటుంది. 2008 నుంచి దేశమంతా పిల్లలకి నచ్చింది, మనకి గర్వమే. వాడు స్నేహితులకి సాయం చేస్తాడు, మంచి పిల్లాడు. కానీ కథ చివర ఏం జరుగుతుంది? లడ్డూ తింటాడు, ఒక్క గుద్దు గుద్దుతాడు, గొడవ తీరిపోతుంది. పిల్లాడి బుర్రకి అందేది ఏమిటంటే, "నేను మంచివాణ్ణయితే కొట్టొచ్చు". ప్రతి పిల్లాడూ తన కథలో తానే మంచివాడు కదండీ!

మరి భీముడూ, రాముడూ కొట్టలేదా?

ఈ ప్రశ్న మా మామగారు వేశారు. "మీకు చెప్పిన కథల్లో యుద్ధాలు లేవా? భీముడు కీచకుణ్ణి చంపలేదా? వాలిని రాముడు చెట్టు చాటు నుంచి కొట్టలేదా? మీరందరూ పాడైపోయారా?" అన్నారు. ముందు జవాబు తోచలేదు. రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది.

మా నాయనమ్మ అభిమన్యుడి కథ చెప్పినప్పుడు పద్మవ్యూహం దగ్గర ఆగేది కాదు. సుభద్ర ఏడుపు చెప్పేది. వాలి పడిపోతే తార పడిన బాధ చెప్పేది. కురుక్షేత్రం అయిపోయాక గాంధారి నూరుగురు కొడుకుల శవాల మధ్య తిరిగింది చెప్పేది. అప్పటికి నేనూ కళ్ళు తుడుచుకునేదాన్ని. గెలిచిన ధర్మరాజుకి కూడా సంతోషం లేదని ఆవిడే చెప్పింది. ఆ కథల్లో దెబ్బ తగిలితే నెత్తురు వచ్చేది, పడినవాడు లేచేవాడు కాదు, వెనక ఒక తల్లి ఏడ్చేది. "ఎందుకు చంపాడు నాయనమ్మా?" అని అడిగితే కథ ఆపి జవాబు చెప్పేది.

టీవీ జవాబు చెప్పదు. నొప్పిని తీసేసి దెబ్బని మాత్రం చూపిస్తుంది. తేడా అక్కడుంది. ఈ మాట మామగారితో చెప్తే కాసేపు ఊరుకుని, "అయితే ఇవాళ్టి నుంచి రాత్రి కథ నేను చెప్తాను" అన్నారు. ఇప్పటికీ చెప్తున్నారు.

అందరు పిల్లలూ ఒకటి కాదు

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కార్టూన్లు చూసిన ప్రతి పిల్లాడూ రౌడీ అవుతాడని ఎవరూ అనలేదు. అలా అయితే మన వీధుల్లో నడవగలమా? షికాగోలో 1977లో పిల్లలుగా ఉన్నవాళ్ళని పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ కలిసి చేసిన ఒక అధ్యయనం 2003లో వచ్చింది. చిన్నప్పుడు టీవీలో హింస ఎక్కువ చూసినవాళ్ళలో పెద్దయ్యాక దుడుకుతనం కొంత ఎక్కువగా కనిపించిందని అందులో ఉంది. ఆడపిల్లల్లోనూ అంతే. కొట్టే పాత్ర తనలాగే ఉందనుకున్నవాళ్ళలో, టీవీలోది నిజమనుకున్నవాళ్ళలో అది ఇంకా ఎక్కువట. అయితే ఈ ప్రభావం ఎంత, అసలు కారణం టీవీనేనా అని శాస్త్రవేత్తల్లోనే వాదనలున్నాయి. ఇంట్లో దెబ్బలాటలు, తిట్లు, తల్లిదండ్రుల చేతి దెబ్బలు - ఇవన్నీ కలిసే పిల్లాణ్ణి తయారుచేస్తాయి.

ఇక్కడ నన్ను నేను దాచుకోను. పాపని కొట్టాడని నేను వాడిని ఏం చేశాను? కొట్టాను! "కొట్టకూడదు" అని చెప్తూ కొట్టాను. పెద్దవాళ్ళు కొట్టొచ్చు, కోపం వస్తే కొట్టొచ్చు అని నా చేత్తో నేనే నేర్పాను. మన సీరియల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క చెంపదెబ్బని మూడుసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు. పిల్లలు మన పక్కనే హోంవర్క్ చేసుకుంటూ ఉంటారు. వాళ్ళు చూడట్లేదని మనం అనుకుంటాం, అంతే.

టీవీ కంటే ఫోను కనిపెట్టలేం

టీవీలో వచ్చే వాటికి ఏవో కొన్ని నిబంధనలైనా ఉన్నాయి. మన దేశపు 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల్లోనే, పిల్లల కార్యక్రమాల్లో చెడ్డ మాటలు, విపరీతమైన హింస ఉండకూడదని రాశారు. హాల్లో టీవీ మోగుతుంటే వంటింట్లో మన చెవిన కూడా పడుతుంది. ఫోను అలా కాదు. మూల కూర్చుని చెవుల్లో పెట్టుకుంటే వాడేం చూస్తున్నాడో మనకి తెలియదు.

2017లో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. పిల్లలకి బాగా తెలిసిన బొమ్మల రూపాలు పెట్టి, లోపల భయపెట్టే, కొట్టుకునే, అసహ్యమైన సంగతులు నింపిన వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు బయటపడ్డాయి. పైన చూస్తే పిల్లల బొమ్మే. గోల జరిగాక అలాంటివి చాలా తీసేశారు. కానీ ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతట అదే వచ్చే ఏర్పాటు ఉన్నంత కాలం, మనం పెట్టింది ఒకటి, వాడు చూసేది ఇంకొకటి కావచ్చు. పిల్లల కోసం విడిగా యూట్యూబ్ కిడ్స్ ఉంది, మన దేశంలో 2016 నుంచి దొరుకుతోంది. అది కొంత నయమే గానీ, తల్లి కళ్ళకి బదులు కాదు.

మనం చెయ్యగలిగినవి

"టీవీ తీసి అటక మీద పెట్టెయ్" అన్నారు మావారు. రెండు రోజులు పెట్టాం. మావాడు పక్కింటికి వెళ్ళి చూసొచ్చాడు! కాబట్టి అయ్యే పనులే చెప్తాను. ఇవి మా ఇంట్లో చేసి చూసినవి.

1. ముందు మీరు ఒకసారి చూడండి. మీ వాడికి ఇష్టమైన కార్టూన్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. దెబ్బ తగిలినవాడికి నొప్పి కనిపించిందా? కొట్టినవాడికి ఏమయింది? కొట్టకుండా గొడవ తీర్చుకునే దారి ఎవరైనా వెతికారా? మూడింటికీ "లేదు" అని వస్తే దాని బదులు ఇంకోటి పెట్టండి.

2. పక్కన కూర్చుని మాట్లాడండి. "అయ్యో, దానికి ఎంత నొప్పి పుట్టి ఉంటుందిరా! నీకైతే ఎలా ఉంటుంది?" అని ఒక్క మాట అడగండి. ఇది నేను కనిపెట్టింది కాదు. 2000లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, దెబ్బలు తినేవాడికి ఎలా ఉంటుందో ఆలోచిస్తూ చూడమని ముందే చెబితే, కార్టూన్ చూశాక మగపిల్లల్లో పెరిగే దుడుకుతనం పెరగలేదని తేలింది. పైసా ఖర్చు లేని మందు! బఠాణీలు ఒలుచుకుంటూ కూడా చెయ్యొచ్చు.

3. అన్నం దగ్గర తెర వద్దు. మొదటి వారం గొడవే. మావాడు రెండు పూటలు సగం తిని లేచిపోయాడు. నేను వెంటపడలేదు. మూడో రోజు ఆకలికి వాడే అడిగాడు. చేత్తో తినడం, ఆవకాయ ముద్దలో నెయ్యి అడగడం మళ్ళీ మొదలయ్యాయి.

4. చదువుకి ముందు వేగంగా పరుగెత్తే బొమ్మలు వద్దు. 2011లో అమెరికాలో 60 మంది నాలుగేళ్ళ పిల్లలతో చేసిన ఒక పరీక్షలో, తొమ్మిది నిమిషాల పాటు చకచకా మారిపోయే కార్టూన్ చూసిన పిల్లలు, ఆ వెంటనే ఇచ్చిన పనుల్లో మిగతావాళ్ళంత నిలకడ చూపించలేకపోయారు. రంగులు వేసుకున్నవాళ్ళు బాగా చేశారు.

5. గంటకి గిరి గియ్యండి. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర అసలే వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకి రోజుకి గంటకి మించొద్దని, అదీ పెద్దవాళ్ళు దగ్గరుండి చూపించాలని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే.

6. ఫోను సెట్టింగులు సరిచేసుకోండి. ఒకటి తర్వాత ఒకటి వచ్చే ఆటోప్లే ఆపెయ్యండి. సినిమాలు, సీరీస్‌లు వచ్చే యాప్‌లకి పిన్ నంబరు పెట్టండి. 2021 నియమాల ప్రకారం వాటి మీద వయసు గుర్తు వెయ్యాలి - యు, యు/ఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ అని. అది చూసి పెట్టండి. మనకి తెలియకపోతే ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లల్ని అడిగితే రెండు నిమిషాల్లో చేసి పెడతారు.

7. మన చేతుల్ని అదుపులో పెట్టుకుందాం. ఇది అన్నిటికంటే కష్టం. నాకు ఇంకా పూర్తిగా రాలేదు. చెయ్యి లేవబోతే వంటింట్లోకి వెళ్ళి ఓ గ్లాసు నీళ్ళు తాగి వస్తున్నాను.

ఒకవేళ దెబ్బ తగిలితే

పండగ పూట ఆ కంగారులో మా పనిమనిషి కాఫీ పొడి తెచ్చింది, అత్తగారు పసుపు అన్నారు. డాక్టరు గారు రెండూ వద్దన్నారు. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకుని తీసుకురావాలన్నారు. తలకి దెబ్బ తగిలాక పిల్లలు వాంతులు చేసుకున్నా, మరీ మత్తుగా పడి ఉన్నా, స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, నెత్తురు లేకపోయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందేనట. ఇది అందరం గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

వేసవి సెలవుల్లో మా తోడికోడలు పాపని తీసుకుని మళ్ళీ వచ్చింది. తను రావడమే నాకు పెద్ద వరం. పాప ఎప్పటిలాగే "అన్నయ్యా" అంటూ పరుగెత్తుకొచ్చింది. మావాడు దూరంగా నిలబడ్డాడు. కాసేపటికి దగ్గరికి వెళ్ళి, నుదుటి మీద సన్నగా మిగిలిన గీతని వేలితో ముట్టుకుని, "ఇంకా నొప్పిగా ఉందా?" అని అడిగాడు. పాప "లేదు" అంది. వాడు మళ్ళీ అడిగాడు, "అప్పుడు?" "అప్పుడు చాలా నొప్పి" అంది. వాడి ముఖం చిన్నబోయింది. మా తోడికోడలు వాడిని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మీ ఇంట్లోనూ ఈ సాయంత్రం కార్టూన్ మోగుతుంది. స్టవ్ సిమ్‌లో పెట్టి ఓ పది నిమిషాలు వెళ్ళి వాడి పక్కన కూర్చోండి. బొమ్మ కింద పడ్డప్పుడు, "పాపం, దానికి ఎలా ఉందిరా?" అని అడిగి చూడండి. వాడేమన్నాడో, వీలైతే నాకూ రాసి పంపండి.